ఐదో నిబంధన

ఆగస్టు 9, శనివారం

పార్టీ పెడుతున్నం. రాసినంక గూడ నమ్మబుద్ధి అయితలేదు, అందుకే మళ్లీ రాస్తున్న. పార్టీ పెడుతున్నం.

తెల్లాపూర్ల రామచంద్రం సారు సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గ చేసే గేటెడ్ కమ్యూనిటీ వెనకాల, గార్డులు యూనిఫాం మార్చుకునే రేకుల షెడ్డు ఉన్నది. అండ్ల కూసున్నం, నాతో కలిపి ఇరవై ముగ్గురం. కోయలం ఎక్కువ. గోండులు అయిదుగురు, నాయకపోడోళ్లు ముగ్గురు, కొలాం పిల్ల ఒకతి. సగం మంది డ్యూటీ బట్టల మీదనే వచ్చిండ్రు. ఇయ్యాల ఆదివాసీ దినోత్సవం. లోపల క్లబ్ హౌజ్‌ల రాఖీ పండుగ పాటలు, బయట మేము.

సారు లేచి మెల్లగ మాట్లాడిండు. ఆయనకు గొంతు పెంచుడు రాదు.

"మనకు సంఘాలు పది ఉన్నయి. వినతిపత్రం తీసుకపోతే తీసుకుంటరు, ఫోటో దిగుతరు, పంపిస్తరు. ఎలక్షన్లొస్తే ఏం చేస్తున్నం? ఇక్కడి నుంచి ఊరికి ఎవడు బస్సు పెడితే ఆ బస్సెక్కి, వానికే ఓటేసి, అదే బస్సుల డ్యూటీకొస్తున్నం. ఒక్కసారన్న మన బస్సు మనం పెట్టుకోవద్దా?"

నేను గూడ ఆ బస్సు ఎక్కినదాన్నే.

పేరు ఆదివాసీ మాట పార్టీ. రాకేశ్ పెట్టిండు. ఉట్నూరు దిక్కు గోండు, ఇరవై ఏడేండ్లు, రాయదుర్గంల మా టవర్ల పదమూడో అంతస్తుల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తడు. నేను అదే టవర్ల కింద హెల్ప్‌డెస్క్. ఏసీ ఎక్కువైంది, ఏసీ తక్కువైంది అని పైనోళ్లు పంపే కంప్లైంట్లు రాసుకునుడు నా పని. నాలుగు నెలల కింద లిఫ్ట్‌ల మా అమ్మతోని ఫోన్ల కోయ భాషల మాట్లాడుతుంటె విని, "అక్కా, సగం సమజైంది" అని నవ్విండు. అట్ల మొదలైంది ఇదంత.

ప్రధాన కార్యదర్శి నేనే. సారు "కుంజ నవనీత" అని చదివితే చప్పట్లు కొట్టిండ్రు. ఆఫీస్ కార్డు మీద బి. నవనీత అని ఉంటది. ఆ 'బి' సంగతి ఎవరు అడుగలే.

"మీ ఇంటాయన ఏం చేస్తడమ్మా?" అని మాత్రం అడిగిండు సారు.

"కారు నడుపుతడు సార్. కంపెనీకి అటాచ్."

"ఏ ఊరు?"

"మహబూబాబాద్ దగ్గర."

ఈ మాటల్ల అబద్ధమేం లేదు. భూలక్ష్మక్క నా దిక్కు చూసి తల తిప్పుకున్నది. మా పిన్ని బిడ్డ ఆమె, మా టవర్లనే హౌస్‌కీపింగ్. నా పెండ్లికి మా వైపు నుంచి వచ్చింది ఆమె ఒక్కతే.


ఆగస్టు 10

రమేష్‌కు చెప్పిన. "మన గిరిజనుల పార్టీ" అన్న. 'మన' అన్న మాట నోట్ల నుంచి ఎట్లొచ్చిందో వచ్చింది. మస్తు సంబరపడ్డడు. వర్షితను ఎత్తుకొని "మీ అమ్మ లీడర్ అయింది బిడ్డా" అని ఇల్లంత తిరిగిండు. ఎనిమిదేండ్ల పిల్లను ఎత్తుకునే నడుమేనా అది.

"మరి నన్ను పిలువలేదేందే?"

"అంత ఆడోళ్లమే" అన్న.

ఇరవై ముగ్గుర్ల పద్నాలుగు మంది మగోళ్లు.

చెప్త. నిబంధనలు రాసుడు అయినంక చెప్త.


ఆగస్టు 13

తొమ్మిదో అంతస్తుల ఒకామె ఇయ్యాల ఒక్కరోజే ఆరు కంప్లైంట్లు పెట్టింది, చలి అని. నాకేమో ఎక్కడ కూసున్న చెమటలు.


ఆగస్టు 17, ఆదివారం

పార్టీ పెట్టినట్టు తీర్మానం రాసుకున్నం. వకీలు చెప్పిన లెక్క: ఇయ్యాల్టి నుంచి ముప్పై రోజుల్ల దరఖాస్తు ఢిల్లీల ఉండాలె. ఓటరు కార్డున్న నూరు మంది సభ్యులు ఉండాలె. ఒక్కొక్కరు నోటరీ ముందట అఫిడవిట్ ఇయ్యాలె, వేరే ఏ పార్టీల లేనని. పోస్టుకు వారం తీసేస్తే సెప్టెంబర్ 8 లోపల పంపాలె.

తర్వాత నిబంధనలు. నాలుగు దాక గడగడ అయిపోయినయి. ఐదోది సభ్యత్వం. రాకేశ్ టైప్ చేసి తెచ్చిండు: "ఆదివాసీ మూల తెగలవారికే సభ్యత్వం. లంబాడాలు అర్హులు కారు."

షెడ్డు రేకులు ఎండకు టకటక కొట్టుకుంటున్నయి.

నాయకపోడు యాదయ్య అన్నడు, "మన కొట్లాట వాళ్లతోనా, సర్కారుతోనా?"

"సర్కారు లెక్కల అందరం ఎస్టీలమే యాదయ్యన్నా" అన్నడు రాకేశ్. "సీటు దగ్గర, నౌకరి దగ్గర మన గూడెం పేరు ఎన్నడన్న వచ్చిందా? డెబ్బయి ఆరుల వాళ్లను ఎస్టీ లిస్టుల కలిపిన కాడికెళ్లి గిదే కథ. మన పార్టీల గూడ వాళ్లే ముందట కూసుంటె, ఇగ పెట్టుడెందుకు?"

ఆ మాట తప్పని నేను ఎట్ల అనాలె? నా తమ్ముడు బాలు రెండుసార్లు టీచర్ పోస్టుకు రాసిండు. రెండుసార్లు ఎస్టీ పోస్టు పోయింది మైదానపు తండాలోళ్లకే. మా ఊరి ఆశ్రమ బడిల కోయ వచ్చిన సారు ఒక్కడు లేడు. బాలు ఇప్పుడు ఖమ్మంల మెడికల్ షాపుల మందులు అందిస్తడు. ఆ కోపం నాకూ ఉన్నది. ఉన్నదని ఎన్నడు ఎక్కడ అనలే. ఎక్కడంటా? మా ఇంట్లనా?

ఇగ నేనొక ఉపాయం చేసిన. "రెండో వాక్యం ఎందుకు తమ్మీ, అనవసరంగ గొడవ. మొదటి దాని కింద తెగల పేర్లు వరుసగ రాస్తే సాలదా?" అన్న. అందరికి నచ్చింది. నా నీలం పెన్నుతోని ఆ వాక్యం కొట్టేసి పక్కకు రాసిన: "తెగల లిస్టు చాలు. పేరు పెట్టి చెప్పే పని లేదు." వచ్చే మీటింగ్ల ఖాయం చేస్తరు.

ఉత్త లిస్టే. లిస్టుల లేకపోవుడు వేరు, వద్దనుడు వేరు.

బస్సుల వచ్చేటప్పుడు గూడ అదే అనుకుంట వచ్చిన. ఉత్త లిస్టే.


ఆగస్టు 19

రమేష్ ప్రగతి నగర్ల మా గల్లీ జిరాక్స్ షాపోనితోని మాట్లాడి అఫిడవిట్ ఫారాలు రెండు వందలు తీపిచ్చిండు. మంచం మీద పరిచి పిన్నులు కొట్టిండు. కొట్టుకుంట వాళ్లమ్మ ముచ్చట చెప్పిండు, నాకు తెలిసిందే. తండాల భూమి లేక పిల్లల్ని చంకనేసుకొని పట్నమొచ్చింది, మాదాపూర్ల ఈ టవర్లు లేస్తున్నప్పుడు ఇటుకలు మోసింది. "ఇగ మనోళ్ల బిడ్డలు ఇటుకలు మోసుడు కాదు, అసెంబ్లీల కూసుండాలె" అన్నడు.

మనోళ్లు.

ఆదివారం చెప్త.


ఆగస్టు 22

అరవై ఒకటి అయినయి. నాది ఇంక రాయలే. "తండ్రి/భర్త పేరు" అని గీత ఉన్నది. తండ్రి పేరు రాసినా నడుస్తదని వకీలు చెప్పిండు. అయినా రాయలే. టైం దొరుకతలేదు.

ప్యాంట్రీల భూలక్ష్మక్క కప్పులు కడుగుకుంట అన్నది, "నీ మొగనికి చెప్పినవా?"

"చెప్త అక్కా."

"మీటింగ్ల చెప్పినవా?"

"చెప్త."

"నువ్వు చెప్పకుంటె వాళ్లకు వాళ్లే తెలుసుకుంటరు. గట్ల తెలుసుకునుడు నీకు ఇష్టమా?"

నేను టీ కప్పు తీసుకొని వచ్చేసిన. మళ్లీ చూస్తే అది ఎవరో తాగి పెట్టిన కప్పు.


ఆగస్టు 24, ఆదివారం

డెబ్బయి మూడు. ఇగ ఇక్కడ మనుషులు దొరుకతలేరు. కొందరు వేరే పార్టీ కార్డు తీసుకున్నరంట, ఎప్పుడు తీసుకున్నరో వాళ్లకే యాది లేదు. మిగిలినోళ్లను ఊర్లల్లనే పట్టాలె అన్నడు సారు. దుమ్ముగూడెం, చర్ల దిక్కు పేర్లు రాసిచ్చిండు. గూడేలకెళ్లి మనుషుల్ని భద్రాచలం నోటరీ కాడికి తేవాలె, సంతకం కాంగనే మళ్లీ దింపాలె. బండి లేకుంట అయ్యే పని కాదు. రాకేశ్ పోతనన్నడు, వానికి డ్రైవింగ్ రాదు.

ఇంటికొచ్చి ఈ బాధ చెప్పుకున్న. ఎందుకు చెప్పుకున్న? చెప్పకుంటె అయిపోయేది.

"నేనున్న కదనే" అన్నడు రమేష్. "శని, ఆదివారాలు ట్రిప్పులు బంద్ పెడ్త."

వద్దనలేకపోయిన. వద్దంటె ఎందుకని అడుగుతడు. ఇంకోటి గూడ ఉన్నది: ఆ సంతకాలు కావాలె నాకు.


ఆగస్టు 27

వినాయక చవితి. ఒకటే వాన. మా గల్లీ మండపం మీద పట్టా కప్పిండ్రు. వర్షిత ఉండ్రాళ్లు లెక్కపెట్టుకుంట కూసున్నది. నేను కడిగిన గిన్నెలే మళ్లీ కడిగిన. రమేష్ కారు సర్వీసింగ్‌కు ఇచ్చొచ్చిండు, మూడు వందల కిలోమీటర్లు పోవాలె కదా అని.


ఆగస్టు 30, శనివారం

పొద్దున అయిదున్నరకు రాకేశ్ ఇంటి ముందట దిగిండు. "మా ఆయన, రమేష్" అన్న. అంతవరకే అన్న. చేతులు కలుపుకున్నరు. "అన్నా, మీకు తక్లీఫ్" అన్నడు వాడు. "తక్లీఫ్ ఏంది తమ్మీ, మన పనే కదా" అన్నడు ఈయన. పులిహోర డబ్బా ఇచ్చిన. కారు గల్లీ మలుపు తిరిగింది.

ఎనిమిది గంటలకు సూర్యాపేటల చాయ్ తాగుతున్నమని రమేష్ ఫోన్ చేసిండు. గొంతు మామూలుగనే ఉండె.

పదింటికి యాదికొచ్చింది. ఫైలు. పేర్ల కాయితం, ఫారాలు, నిబంధనల ముసాయిదా, అన్ని ఒక్క ఫైల్లనే పెట్టిచ్చిన. నా నీలం పెన్ను రాత గూడ అండ్లనే ఉన్నది.

ఫోన్ చేసిన, రింగ్ అయింది, ఎత్తలే. డ్రైవింగ్ల ఉంటడు.

మధ్యాహ్నం చేసిన. సిగ్నల్ లేదు.

సాయంత్రం మెసేజ్: "14 అయినయి. రేపు మిగిలినయి." ఇంకేం లేదు. ఎప్పుడైనా "తిన్నవా" అని ఉంటది చివర్ల.


ఆగస్టు 31

వర్షితను చెరువు గట్టుకు తీసుకపోయిన. ఒక చుట్టు అయినంక ఇంకో చుట్టు, మూడు చుట్లు. "అమ్మా, మనం ఎక్కడికి పోతున్నం?" అని అడిగింది. ఎక్కడికీ లేదు బిడ్డా.

పొద్దు గూకంగ వచ్చిండ్రు. ఇరవై ఆరు అఫిడవిట్లు. మొత్తం తొంభై తొమ్మిది. రాకేశ్ కారు దిగి నా మొఖం చూడకుంట ఫైలు చేతుల పెట్టి, "నీది కలిపితే నూరు అక్కా" అని ఆటో ఎక్కి పోయిండు. రమేష్ కారు కడిగిండు, స్నానం చేసిండు, తిన్నడు.

"ఎట్లయింది?" అన్న.

"అయింది" అన్నడు.


సెప్టెంబర్ 1

మధ్యాహ్నం లంచ్ టైంల రాకేశ్‌ను మెట్రో మెట్ల కాడ పట్టుకున్న. చుట్టూ మెడల కార్డులేసుకొని వచ్చేటోళ్లు, పోయేటోళ్లు. వాడు ముందుగాల ఏం లేదన్నడు. తర్వాత చెప్పిండు.

"శనివారం నాలుగింటికి అన్నకు ఫోనొచ్చింది, కార్ల స్పీకర్ మీద. 'యాడీ' అన్నడు. ఇగ వాళ్లమ్మతోని పది నిమిషాలు వాళ్ల భాషల మాట్లాడిండు. మా ఉట్నూర్ల మా ఇంటి పక్కకే తండా అక్కా, నాకు తెల్వదా?"

"మరి ఏమన్నవు?"

"ఏమన్లే. అప్పటికి పదకొండే అయినయి. ఆయన దిగిపొమ్మంటె నేను ఎట్ల తిరుగుదు? అందుకే ఏమన్లే." మెడల కార్డు తీసి జేబుల పెట్టుకున్నడు. "నాకు నేనే మంచిగ అనిపిస్తలేను అక్కా. చర్ల దాటినంక వాగు పొంగింది. అవతలి గూడెపోళ్లు ఇద్దరు ముసలోళ్లు. అన్న ప్యాంటు మలుచుకొని నీళ్లల్ల దిగి, ఒక్కొక్కరిని చెయ్యి పట్టుకొని దాటిచ్చిండు. నేను ఫైలు తడవకుంట పట్టుకొని ఈ గడ్డన నిలబడ్డ."

మళ్లీ అన్నడు, "ఆయన మంచోడు. అయినా నిబంధన ఉండాలె. మంచోడికి, చెడ్డోడికి సంబంధం లేదు దాంతోని. నువ్వు మాకు చెప్పాల్సింది అక్కా."

టవర్లకు వచ్చినంక గూడ లిఫ్ట్ ఎక్కకుంట మెట్ల మీదికెళ్లి పోయిండు. పదమూడు అంతస్తులు.


సెప్టెంబర్ 2

ఇయ్యాల నేనే అడిగిన. వర్షిత ట్యూషన్‌కు పోయింది. రమేష్ షూస్ తుడుచుకుంటున్నడు.

"ఫైలు చూసినవా?"

"సూర్యాపేటల చూసిన. ముందట ఏ ఊరు పోవాలెనో చూద్దామని పేర్ల కాయితం తీసిన. దాని కిందనే ఉన్నది."

అంటే ఎనిమిదింటికి. నాతోని ఫోన్ల మాట్లాడినప్పుడే.

"మరి ఎందుకు వెనకకు రాలే?"

"పిలగాడు వెనక సీట్ల నిద్రపోతుండె. లేపి ఏమని చెప్పాలె?" షూ పక్కకు పెట్టిండు. "వాడు రాసిందానికి నాకు కోపం రాలేదే. వాడు నన్నెరుగడు. వాని కడుపుమంట వానిది. గూడేలు చూసిన కదా, బడి గోడ మీద సార్ల పేర్లు చూసిన, సగం మా తండాల పేర్లే. కాదంటనా? కాని కొట్టేసిన వాక్యం పక్కకు రాత ఎవరిది? పదకొండేండ్ల నుంచి ఫ్రిజ్ మీద సామాన్ల చిట్టీలు చదువుతున్న. నీ చేతిరాత నాకు తెల్వదా? 'పేరు పెట్టి చెప్పే పని లేదు.' ఎవరికి చెప్పే పని లేదు? నాకా?"

"నిన్ను బాధపెట్టొద్దని..."

"అబద్ధం."

అవును. అబద్ధం. కాని ఆ మాట నోటికి రాలే. ఇక్కడ రాస్తున్న.


సెప్టెంబర్ 4

మాటలు లేవు. "పాప ఫీజు", "గ్యాస్ అయిపోయింది", గంతే.

హనుమకొండల డిగ్రీ చదివినప్పుడు ఇద్దరిది గిరిజన హాస్టలే, గోడ అవతల వాళ్లది, ఇవతల మాది. నేను కోయ, ఆయన లంబాడా అని అప్పుడు ఇద్దరికి తెలుసు. ఇద్దరం నవ్వుకునేది. మా నాన్న చచ్చిపోయేదాక నవ్వలే. ఇప్పుడు వర్షితకు సర్టిఫికెట్ తీసినం, తండ్రి కులమే వచ్చింది. అంటే నేను ప్రధాన కార్యదర్శినైన పార్టీల నా బిడ్డకు చోటు లేదు. ఇది నాకు ఆగస్టు 17 నాడే తెలుసు. ఉత్త లిస్టే అని రాసుకున్న. ఎన్నిసార్లు రాసుకున్ననో వెనకకు తిప్పి చూసిన. సిగ్గయింది.


సెప్టెంబర్ 7, ఆదివారం

అయిపోయింది. వరుసగ రాయాలె.

షెడ్డుల ఇరవై ముగ్గురం. సారు ఐదో నిబంధన చదవబోతుంటే లేచిన. "సార్, నా భర్త పేరు బానోత్ రమేష్. లంబాడా. ఆఖరి ఇరవై ఆరు సంతకాలు ఆయన బండిల వచ్చినయి. నేను మీకు చెప్పలే, ఆయనకు ఈ నిబంధన సంగతి చెప్పలే."

ఎవరో "అమ్మో" అన్నరు. సారు కండ్లద్దాలు తీసిండు.

"ఎందుకు దాచినవమ్మా?"

ఇంటి నుంచి ఒక జవాబు తయారు చేసుకొని పోయిన. అది రాలే. "చెప్తే నన్ను కార్యదర్శిని చెయ్యకపోదురు సార్. నాకు ఆ పదవి కావాలనిపించింది. పన్నెండేండ్ల నుంచి ఏసీ కంప్లైంట్లు రాస్తున్న. ఎవరన్న నా పేరు చదివి చప్పట్లు కొడితే బాగనిపించింది."



"ఐదో నిబంధన తీసెయ్యాలె" అన్న. "ముఖ్యమైన పదవులు మన తెగలకే పెట్టుకోండి, నేను గూడ ఒప్పుకుంట. సభ్యత్వం మాత్రం అందరికి తెరువాలె. నా తమ్మునికి నౌకరి రాకపోవుడు నిజం. మా అత్త మాదాపూర్ల ఇటుకలు మోసుడు గూడ నిజమే. ఒకరిని లోపల కూసోబెట్టి ఇంకొకరిని బయట నిలబెడితే మనది గూడ గేటెడ్ కమ్యూనిటే అయితది."

రాకేశ్ లేచిండు. "మనకు ఎన్నడు గేటు లేకుండె అక్కా. అందుకే ఎవలు పడితే వాళ్లు వచ్చి ఉన్నది ఊడ్చుకపోయిండ్రు." నా దిక్కు తిరిగిండు. "అన్న లేకుంటె ఈ ఫైలు లేదు. ఆ మాట నేను మినిట్స్‌ల రాస్త. సంతకం పెడ్త. కాని నిబంధన ఉండాలె."

సారు మధ్యల ఒక మాటన్నడు, మీ ఆయన అసుంటోళ్లను సానుభూతిపరులని పెట్టుకుందాం, సభ్యులు కాకుండ. ఎవరికి నచ్చలే.

చేతులెత్తిండ్రు. నా దిక్కు ఎనిమిది, నాతో కలిపి. యాదయ్యన్న ఎత్తిండు, కొలాం పిల్ల ఎత్తింది. అటు పదిహేను. ఆ పదిహేనుల భూలక్ష్మక్క చెయ్యి. నా పెండ్లికి వచ్చిన చెయ్యే. "నీ మొగుడు బంగారం. నా బిడ్డ ఇంటర్ చదువుతున్నదే నవనీతా, రేపు దానికి సీటు కావాలె" అన్నది, అంతే.

అప్పుడు అందరికి ఒక్కసారే లెక్క తట్టింది. తొంభై తొమ్మిది. నాది ఇంక ఇయ్యలే. నేను ఇయ్యకుంటె రేపు ఫైలు పోదు. సారు అడుగలే. రాకేశ్ అడుగలే. అందరు నా దిక్కు చూస్తుండ్రు. నిజం రాస్తున్న, ఆ ఒక్క నిమిషం నాకు మస్తు బలమొచ్చినట్టు అనిపించింది. తర్వాత భయమైంది.

"పొద్దున చెప్త" అని వచ్చేసిన.

రమేష్ వరండాల ఉన్నడు. నిలబడే అంత చెప్పిన, సానుభూతిపరుల ముచ్చటతో సహా. దానికి నవ్విండు, వారం తర్వాత. "ఇంట్ల మొగుణ్ణి, పార్టీల కిరాయిదారునా?" మళ్లీ నవ్వు పోయింది.

"నేను సంతకం పెట్టకుంటె ఫైలు ఆగుతది" అన్న.

"ఆపుతవా?"

"నువ్వేమంటవు?"

"నన్ను అడిగి రాసినవా నీలం పెన్నుతోని, ఇప్పుడు అడుగుతున్నవు?" వరండాల లైటు వేసిండు. "వాగు దాటిచ్చిననని చెప్పిండా పిలగాడు? ఆ ముసలామె నా చెయ్యి వదలలే. కోయల ఏందో అన్నది, నాకు సమజ్ కాలే. నోటరీ కాడ వేలిముద్ర వేసి, ఆ సిరా వేలు వర్షిత లెక్క నాకు చూపెట్టి నవ్వింది. ఆమె వేలిముద్రను ఆపి నువ్వు ఏం గెలుస్తవు? నేనైతే మీ పార్టీకి ఓటెయ్య. అది పక్కా. నువ్వు మాత్రం పెట్టు."

"మరి మనం?"

"రేపు మా తండాలోళ్లు పార్టీ పెడితే నేను గూడ పోత. అప్పుడు నువ్వు నా ఫైలు మోస్తవా?"

"మోస్త."

"చూద్దాం" అన్నడు.


సెప్టెంబర్ 8, సోమవారం

ఆఫీస్‌కు లీవ్ పెట్టిన. నోటరీ ముందట ఫారం నింపిన. కుంజ నవనీత, భర్త బానోత్ రమేష్. వకీలు రెండు ఇంటి పేర్లు చూసి కండ్లెత్తిండు. "గట్లనే ఉండని" అన్న. నూరు.

తర్వాత సారు చేతుల ఇంకో కాయితం పెట్టిన, కార్యదర్శి పదవికి రాజీనామా. నన్నెవరు పొమ్మనలే. కాని దాచి తీసుకున్న కుర్చీ అది. సారు బతిమాలిండు. వాన్నే కార్యదర్శిని చేసిండ్రు.

పోస్టాఫీసుల ఫైలు తూకం వేస్తుంటె ముగ్గురం త్రాసు దిక్కే చూసినం. స్పీడ్ పోస్ట్ రసీదు రాకేశ్ జేబుల పెట్టుకున్నడు. బయటికొచ్చినంక నేను మూడో కాయితం తీసిన. పొద్దున రాసుకున్నది, సాదా సభ్యురాలి హోదాల. "తీర్మానం: ఐదో నిబంధన సవరించాలి. ఆదివాసీ మాట పార్టీ ఆశయాలు ఒప్పుకునే ఎవరైనా సభ్యులు కావచ్చు. లంబాడాలు కూడా." పేరు పెట్టే రాసిన ఈసారి.

రాకేశ్ నిలబడి చదివిండు. రెండుసార్లు చదివిండు. పక్కకెళ్లి బస్సులు పోతున్నయి.

"వచ్చే మీటింగ్ల పెడ్త" అన్నడు. "నేను ఎదురు మాట్లాడుత అక్కా."

"మాట్లాడు."

"గట్టిగనే మాట్లాడుత."

"నేను గూడ."

కాయితం మీద ఒకటో నంబరు వేసి, తేదీ వేసి, సంతకం పెట్టి బ్యాగుల పెట్టుకున్నడు. ఫైలు పోయినంక పార్టీకి వచ్చిన మొదటి కాయితం అదే.

ఇంటికొచ్చేసరికి రమేష్ మధ్యాహ్నం ట్రిప్పుకు తయారైతున్నడు. జరిగింది చెప్పిన. తాళం చేతుల పట్టుకొని విన్నడు. గడప దాటి, మళ్లీ లోపలికొచ్చి కుర్చీల కూసున్నడు.

"నెగ్గాలంటె ఇంక ఎన్ని చేతులు కావాలె?"

"నాలుగు."

"మెత్తబడేటోళ్లు ఎవరెవరున్నరు?"

ఆయన పక్కకు ఇంకో కుర్చీ లాక్కొని, ఒక్కొక్క పేరే చెప్పుడు మొదలుపెట్టిన.